అమెరికా దక్షిణాది రాక్ బ్యాండ్ డ్రైవ్-బై ట్రక్కర్స్ వాళ్ళ ‘అమెరికన్ బ్యాండ్’ ఆల్బమ్ వచ్చినప్పుడు అభిమానులు ఎందుకంత గొడవపడ్డారు? కొత్తగా వినేవాళ్ళు దీంతోనే మొదలుపెట్టొచ్చా?

రెండో ప్రశ్నకు ముందు జవాబు చెప్పేస్తాను. మొదలుపెట్టకండి. ఆల్బమ్ బాగోలేక కాదు. 2016లో వచ్చిన రాక్ ఆల్బమ్‌లలో నేను ఎక్కువసార్లు విన్నది ఇదే. కానీ దీంతో మొదలుపెడితే వీళ్ళెవరో సంపాదకీయాలకు గిటారు తగిలించి పాడే బ్యాచ్ అనుకుని వదిలేస్తారు. అప్పటికి నాలుగేళ్ళుగా ఆ బ్యాండ్‌ని వింటున్న నేనే దాదాపు వదిలేయబోయాను.

ఇక గొడవ సంగతి. మాది గుంటూరు దగ్గర పల్లె. 2009 నుంచి అట్లాంటా పక్కన ఆల్ఫరెట్టాలో ఉంటున్నాం. నాకు సంగీతం రాదు. గిటారుకు ఎన్ని తీగలో లెక్కపెట్టి చెప్పగలను, అంతవరకే. వినడం మాత్రం బాగా విన్నాను, ఎందుకంటే 400 హైవే మీద పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట కారులోనే పోయేవి.

ఈ బ్యాండ్‌ని నాకు పరిచయం చేసింది మా టీమ్‌లో ఉండే ఒక అలబామా పెద్దాయన. డేటాబేస్ మనిషి, మితభాషి, లంచ్‌కి రోజూ ఒకటే శాండ్‌విచ్. 2012లో ఒకరోజు, “ఇన్నాళ్ళుగా ఇక్కడున్నావు కదా, ఈ ప్రాంతం గురించి ఏం తెలుసుకున్నావు?” అని అడిగాడు. నేను గొప్పగా స్టోన్ మౌంటెన్ గురించి చెప్పాను. మేం వచ్చిన మొదటి ఏడాది, జూలై నాలుగున, నాలుగు కుటుంబాలం కలిసి వెళ్ళాం. గడ్డి మీద చాపలు పరిచి, పులిహోర డబ్బాలు తెరిచి కూర్చున్నాం. చీకటి పడ్డాక కొండ మీద లేజర్ షో. కొండరాతి మీద గుర్రాలెక్కిన ముగ్గురు మనుషుల శిల్పం ఉంటుంది. లేజర్ వెలుగులో ఆ గుర్రాలు దౌడు తీస్తున్నట్టు కనిపించేసరికి పిల్లలు కేరింతలు కొట్టారు. నేనూ చప్పట్లు కొట్టాను.

“ఆ ముగ్గురూ ఎవరో తెలుసా?” అన్నాడు పెద్దాయన. తెలీదన్నాను. జెఫర్సన్ డేవిస్, రాబర్ట్ లీ, స్టోన్‌వాల్ జాక్సన్. బానిసత్వం పోకూడదని దేశం నుంచి విడిపోయి యుద్ధం చేసిన దక్షిణాది నాయకులు. ఆ శిల్పం పూర్తయింది ఏ పందొమ్మిదో శతాబ్దంలోనో కాదు, 1972లో.

“చప్పట్లు కొట్టావా?”

“కొట్టాను.”

“నేనూ చిన్నప్పుడు కొట్టాను,” అని, మర్నాడు ఒక సీడీ తెచ్చి నా కీబోర్డు మీద పెట్టాడు. ‘సదరన్ రాక్ ఒపెరా’, 2001లో వచ్చిన డబుల్ ఆల్బమ్.

ఆ సీడీ అర్థమైతేగానీ 2016 గొడవ అర్థం కాదు, అందుకే దాని గురించి నాలుగు ముక్కలు. సదరన్ రాక్ అంటే జార్జియా, అలబామా, ఫ్లోరిడా వైపు 1970ల మొదట్లో ఊపందుకున్న సంగీతం. మేకన్ నుంచి ఆల్మన్ బ్రదర్స్, జాక్సన్‌విల్ నుంచి లినర్డ్ స్కినర్డ్. రెండు మూడు గిటార్లు ఒకదాన్నొకటి తరుముకుంటూ పోతుంటాయి, పాటల్లో సొంత గడ్డ మీద పొగరు ఉంటుంది. స్కినర్డ్ వాళ్ళ విమానం 1977 అక్టోబరు 20న మిసిసిపీలో కూలిపోయింది. వాళ్ళ కొత్త ఆల్బమ్ విడుదలై అప్పటికి మూడు రోజులే. గాయకుడు రానీ వాన్ జాంట్‌తో సహా ఆరుగురు పోయారు. ట్రక్కర్స్ ఆ కథని వెన్నెముకగా పెట్టుకుని, దాని చుట్టూ 1970ల అలబామాలో పెరిగిన కుర్రాళ్ళ కథ అల్లారు. అందులో గవర్నర్ జార్జ్ వాలెస్ మీద ఒక పాట ఉంది. నల్లవాళ్ళకూ తెల్లవాళ్ళకూ వేరువేరు బడులు ఉండాలని పట్టుబట్టిన వాలెస్. ఆయన చచ్చి నరకానికి వస్తుంటే సైతాను స్వాగత ఏర్పాట్లు చేసుకుంటూ పాడే పాట అది! ఇంతకంటే ఘాటు రాజకీయం ఏం కావాలి? కానీ అది విని 2001లో ఎవరూ అలిగి వెళ్ళిపోలేదు. సైతాను నోటితో చెప్పించారు కాబట్టి.

మా తాతయ్య షేక్ నాజర్ బుర్రకథ విన్నానని చెప్పుకుని మురిసిపోయేవాడు. బుర్రకథ చూసినవాళ్ళకి తెలుసు, నడుమ కథకుడు, ఇటొక వంత, అటొక వంత. ఒకడు హాస్యం చెబుతాడు, రెండోవాడు రాజకీయం చెబుతాడు. కథ పల్నాటి యుద్ధమే కావచ్చు, ఆ రాజకీయం వంత మధ్యలో దూరి ఊరి కరణం మీదో నిన్నటి ధరల మీదో ఒక చురక వేసి తప్పుకుంటాడు. జనం నవ్వుతారు, తందానా అంటూ కథ సాగిపోతుంది. ట్రక్కర్స్ పాత ఆల్బమ్‌లన్నీ నాకు అచ్చం అలాగే వినిపించాయి. కథకుడే ముందు. దొంగసారా వాళ్ళు, అప్పులపాలైన రైతులు, తరాల పగలు మోస్తున్న కుటుంబాలు. రాజకీయం పక్కన నిలబడి గుమ్మెట కొడుతూ ఉండేది.

‘అమెరికన్ బ్యాండ్’లో రాజకీయం వంత ముందుకొచ్చి మైకు అందుకున్నాడు. గొడవంతా అదే, నాకు తెలిసినంతలో.

ఆల్బమ్ 2016 సెప్టెంబరు 30న వచ్చింది, అధ్యక్ష ఎన్నికలకు ఇంకా ఆరు వారాలు కూడా లేవు. అట్ట చూడగానే పాత అభిమానులకు ఏదో మారిందని అర్థమైపోయింది. ఏళ్ళ తరబడి వాళ్ళ అట్టల మీద వెస్ ఫ్రీడ్ గీసిన గుడ్లగూబలు, వంకర చెట్లు, దెయ్యం ముఖాలు ఉండేవి. ఈసారి ఒక ఫొటో, సగానికి దించిన అమెరికా జెండా. లోపల పదకొండు పాటలు. పాటలు రాసి పాడేది ఇద్దరు, ప్యాటర్సన్ హుడ్, మైక్ కూలీ. ఇద్దరూ అలబామాలోని మజిల్ షోల్స్ వైపు వాళ్ళే. 1996లో జార్జియాలోని అథెన్స్‌లో బ్యాండ్ పెట్టారు. 2015లో చార్ల్స్‌టన్‌లోని నల్లవాళ్ళ చర్చిలో, దక్షిణాది యుద్ధ జెండాతో ఫొటోలు దిగిన ఒక తెల్లవాడు తొమ్మిదిమందిని చంపాక ఆ జెండా మీద పెద్ద రగడ జరిగింది కదా, సౌత్ కరోలినా శాసనసభ ఆవరణలోంచి ఆ ఏడాది జూలైలో దాన్ని దించేశారు. ఆ జెండాని పట్టుకుని వేలాడేవాళ్ళ మీద కూలీ ఒక పాట రాశాడు. ట్రేవాన్ మార్టిన్, మైఖేల్ బ్రౌన్ అనే ఇద్దరు నల్లజాతి కుర్రాళ్ళ చావుల మీద హుడ్ ‘వాట్ ఇట్ మీన్స్’ రాశాడు. స్టేజి మీద ‘బ్లాక్ లైవ్స్ మ్యాటర్’ అని ఒక బోర్డు కూడా పెట్టేవాళ్ళు. కొందరికి పాటల కంటే ఆ బోర్డే ఎక్కువ మంటపుట్టించింది.

నా చుట్టూ విన్న అభిప్రాయాలు చెబుతాను. మా జిమ్‌లో ట్రక్కర్స్ టీషర్టు వేసుకునే ఒకాయన, “రోజంతా టీవీలో ఇదే గోల, పాటల్లోనూ ఇదేనా, నేను బీరు తాగుతూ అవన్నీ మర్చిపోవడానికి వెళ్తాను,” అన్నాడు. ఆ టీషర్టు మళ్ళీ వేసుకోగా చూడలేదు. మా ఆఫీసులోనే టెస్టింగ్ చేసే ఒక నల్లజాతి అమ్మాయి దానికి సరిగ్గా ఎదురు చెప్పింది. ఈ రకం సంగీతం వినిపిస్తున్న చోటికి తాను వెళ్ళేదాన్ని కాదని, ఆ జెండా ఎక్కడో ఒకచోట కనిపిస్తుందని తెలుసు కాబట్టి వెళ్ళేదాన్ని కాదని, మొదటిసారి ఒక ఆల్బమ్ మొత్తం కూర్చుని విన్నానని అంది. నచ్చిందా అని అడిగితే, “డ్రమ్స్ కాస్త పొడిగా ఉన్నాయి,” అంది. మూడో రకం వాళ్ళ గొడవ రాజకీయం కాదు, గిటార్లు. వెనకటి లాగా మూడు గిటార్ల ముట్టడి లేదు, సోలోలు తగ్గాయి, మాటలు పెరిగాయి అన్నారు. అది నిజమే.

నా మొదటి అభిప్రాయం చెప్పాలంటే సిగ్గుగా ఉంది గానీ, జిమ్ ఆయన మాటే నా మాట. ‘వాట్ ఇట్ మీన్స్’ 400 మీద ట్రాఫిక్‌లో విన్నాను. వార్తలు చదువుతున్నట్టు అనిపించి సగంలో ముందుకు జరిపేశాను. మనకెందుకొచ్చిన టెన్షన్, వీసా మీద ఉన్నవాళ్ళం, అనే ఆలోచన కూడా అందులో ఉందని ఇప్పుడు ఒప్పుకుంటాను.

అలబామా పెద్దాయన అయితే ఆ ఆల్బమ్ ఊసే ఎత్తలేదు. అలిగాడని నాకు తెలుసు. ఆయన దగ్గర ఐదారు తుపాకులున్నాయి, వేటకి వెళ్తాడు, తుపాకీ హక్కుల కోసం పోరాడే నేషనల్ రైఫిల్ అసోసియేషన్‌లో సభ్యుడు. అక్టోబరు చివర్లో ఒకరోజు పార్కింగ్‌లో ఆయన ట్రక్కు పక్కనుంచి వెళ్తుంటే లోపల ఆ ఆల్బమ్ మొదటి పాట, ‘రమోన్ కసియానో’. అద్దం దించి, స్టీరింగు మీద వేళ్ళతో తాళం వేస్తున్నాడు. కూలీ పాట, మంచి దూకుడున్న గిటారు, ఎవరికైనా కాలు ఆడుతుంది.

“అది దేని గురించో తెలుసా?” అన్నాను. ఈసారి అడిగే వంతు నాది. “ఏదో సరిహద్దు గొడవ,” అన్నాడు. నేను అంతకు ముందు రాత్రే కూర్చుని చదివాను కాబట్టి చెప్పాను. 1931లో టెక్సస్‌లోని లరేడోలో రమోన్ కసియానో అనే పదిహేనేళ్ళ మెక్సికన్ కుర్రాణ్ణి, హార్లన్ కార్టర్ అనే పదిహేడేళ్ళ తెల్లకుర్రాడు తుపాకీతో కాల్చి చంపాడు. హత్యానేరం రుజువైంది. ఆత్మరక్షణ గురించి జ్యూరీకి జడ్జి సరిగా చెప్పలేదని పైకోర్టు ఆ శిక్ష కొట్టేసింది. ఆ కార్టరే పెద్దయ్యాక బోర్డర్ పెట్రోల్‌కి అధిపతి అయ్యాడు. 1977లో సిన్సినాటీ సభలో తిరుగుబాటు లేవదీసి నేషనల్ రైఫిల్ అసోసియేషన్‌ని చేతుల్లోకి తీసుకున్నాడు. వేటగాళ్ళూ గురిపందేలవాళ్ళూ ఉండే సంస్థ ఇప్పుడు మనకు తెలిసిన రాజకీయ శక్తిగా మారింది ఆయన హయాంలోనే.

పెద్దాయన ఏమీ అనలేదు. అద్దం ఎత్తేసి వెళ్ళిపోయాడు. నోరు జారానేమో, ఇక మా ఇద్దరికీ చెడిందేమో అనుకున్నాను. మర్నాడు పొద్దున్నే నా డెస్కు దగ్గరికొచ్చి, “వాడు పేరులో ఒక అక్షరం కూడా మార్చుకున్నాడట, ఆ కేసు బయటపడకుండా,” అన్నాడు. రాత్రంతా చదివినట్టున్నాడు. కాసేపాగి, “సభ్యత్వం మాత్రం మానను,” అన్నాడు. ఇంకాసేపాగి, “ఇది పాట. ప్యాటర్సన్ పాడేది ఉపన్యాసం,” అన్నాడు.

నేను విన్న అభిప్రాయాలన్నిటిలోకీ పనికొచ్చేది అదే అనుకుంటాను. రెండూ రాజకీయమే, ఆ మాటకొస్తే కూలీ పాటే ఆయనకి ఎక్కువ గుచ్చుకోవాలి. కానీ అందులో ఒక ఊరుంది, ఒక ఏడాదుంది, ఇద్దరు కుర్రాళ్ళున్నారు. కథకుడున్నాడు. అందుకే దూరిపోయింది. అప్పుడు ఆయనకి బుర్రకథ గురించి చెప్పాను. ముగ్గురు మనుషులు, తంబూరా, గుమ్మెటలు అని చేతులతో చూపించాను. “మా వాళ్ళలో హాస్యం చెప్పేవాడు ఎవరు?” అని అడిగాడు. కూలీ అన్నాను. ఒప్పుకున్నాడు.

ఆ లెక్కన చూస్తే హుడ్ పాటల్లో బాగా నిలిచింది ‘గన్స్ ఆఫ్ అంప్‌క్వా’. 2015 అక్టోబరు 1న ఒరెగాన్‌లోని అంప్‌క్వా కమ్యూనిటీ కాలేజీలో తొమ్మిదిమందిని కాల్చి చంపారు. హుడ్ ఆ ఏడాదే అథెన్స్ వదిలి ఒరెగాన్‌లోని పోర్ట్‌లాండ్‌కి మారాడు. పాట చక్కటి శరదృతువు ఉదయంతో మొదలవుతుంది, కిటికీలోంచి పక్షులు, చల్లగాలి. ఎక్కడికి తీసుకెళ్తున్నాడో మనకి తెలిసేసరికి తరగతి గదిలో ఉంటాం. చివరి పాట ‘బ్యాగేజ్’ది వేరే దారి, హాస్యనటుడు రాబిన్ విలియమ్స్ మరణం తర్వాత డిప్రెషన్ మీద రాసుకున్నది. దాని మీద ఎవరూ గొడవపడలేదు, ఎవరూ పెద్దగా మాట్లాడలేదు కూడా.

మా ఆవిడకి ఈ సంగీతం గిట్టదు. “ఏవండీ, ఆ ఏడుపు ఆపుతారా,” అంటుంది. ఆమె ఆపొద్దన్న పాట ఒకటే, ‘ఎవర్ సౌత్’. ఎక్కడో సముద్రం అవతల నుంచి వచ్చి కొండల్లో స్థిరపడిన పూర్వీకుల దగ్గర మొదలుపెట్టి, ఇప్పుడు దూరపు రాష్ట్రంలో తన యాస విని జనం మీదెక్కడ అని అడిగేదాకా వస్తాడు హుడ్. సొంత దేశంలోనే యాసకి ఇంత సంజాయిషీ చెప్పుకోవాలా అని ఆశ్చర్యపోయింది. గుంటూరు నుంచి హైదరాబాద్ వెళ్ళిన కొత్తలో నా సంగతేంటి మరి, అన్నాను నేను.

ఆ శీతాకాలం పెద్దాయన, నేను కలిసి అథెన్స్ వెళ్ళాం. ఏటా అక్కడి ఫార్టీ వాట్ క్లబ్బులో బ్యాండ్ సొంతూరి కచేరీలు చేస్తుంది. వచ్చిన డబ్బులో కొంత న్యూచీస్ స్పేస్ అనే సంస్థకి, సంగీతకారుల మానసిక ఆరోగ్యం కోసం పనిచేసేవాళ్ళకి, ఇస్తారు. చిన్న క్లబ్బు, భుజం భుజం రాసుకుంటూ నిలబడాలి. ‘వాట్ ఇట్ మీన్స్’ మొదలవగానే జనం చీలడం కళ్ళారా చూశాను. మా ముందున్న టోపీ ఆయన, ఏమీ అనకుండా, ఎవర్నీ తొయ్యకుండా, ఎక్స్‌క్యూజ్ మీ అంటూ కౌంటరు వైపు వెళ్ళిపోయాడు. ఆయన ఖాళీ చేసిన చోట ఒక నడివయసు ఆవిడ కళ్ళు మూసుకుని ప్రతి మాటా పాడింది. కూలీ వంతు రాగానే టోపీ ఆయన రెండు బీర్లతో తిరిగొచ్చి, ఒకటి ఆవిడకి ఇచ్చాడు. భార్యాభర్తలట.

తర్వాత రెండు వారాలు తిరక్కుండానే, 2017 ఫిబ్రవరి 22న, కాన్సాస్‌లోని ఒలేతాలో శ్రీనివాస్ కూచిభొట్లని బారులో కాల్చి చంపారు. ఒక తెల్లవాడు నా దేశం వదిలి పొండి అని అరుస్తూ కాల్చాడు. పక్కనున్న అతని స్నేహితుడికీ, అడ్డుకోబోయిన ఒక అమెరికన్‌కీ తూటాలు తగిలాయి. మన ఇళ్ళలో ఆ వారం ఎలా గడిచిందో ఇక్కడ ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. అమ్మ రోజుకి మూడుసార్లు ఫోన్ చేసి వచ్చేయమనేది. బయట తెలుగులో మాట్లాడకండి అని గ్రూపుల్లో మెసేజ్‌లు తిరిగాయి.

ఆ వారంలోనే ఒకరోజు, కారులో ఆల్బమ్ దానంతటదే తిరుగుతూ ‘వాట్ ఇట్ మీన్స్’ దగ్గరికొచ్చింది. ముందుకు జరపబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. మొదటిసారి పూర్తిగా విన్నాను. నేను అనుకున్నట్టు అది తీర్పు చెప్పే పాట కాదు. ఇదంతా ఏంటి, అర్థమేంటి అని అడుగుతూనే ఉంటాడు, చివరిదాకా జవాబు రాదు. అప్పటికి నా దగ్గరా లేదు. పాట మారలేదు, వినేవాడు మారాడు అనుకోండి. అయినా పెద్దాయన చెప్పిందీ తప్పు కాదు. అందులో కథ లేదు. ఆ వారం నాకు కథ అక్కర్లేకపోయింది.

ఆ వారమంతా సాయంత్రం ఐదున్నరకి ఆయన నా డెస్కు దగ్గరికొచ్చి, బ్యాగు భుజాన వేసుకుని నిలబడేవాడు. నాతోపాటు పార్కింగ్ దాకా నడిచి, నేను కారు ఎక్కి అద్దం ఎత్తాక తన ట్రక్కు దగ్గరికి వెళ్ళేవాడు. ఎందుకని నేను అడగలేదు. ఆ పాట గురించి మేమిద్దరం మళ్ళీ మాట్లాడుకోలేదు.

రాజకీయం వీళ్ళకి కొత్తగా పట్టిన పిచ్చి అనేవాళ్ళతో మాత్రం నేను ఒప్పుకోను. మా బావమరిది హంట్స్‌విల్‌లో ఉంటాడు. 2018లో వాళ్ళింటికి వెళ్ళినప్పుడు అక్కణ్ణుంచి మజిల్ షోల్స్ వెళ్ళి, పక్కనే షెఫీల్డ్‌లో 3614 జాక్సన్ హైవే అనే పాత స్టూడియో చూశాను. చూస్తే మనూళ్ళో ఎరువుల గోడౌనంత ఉంటుంది. రోలింగ్ స్టోన్స్ 1969లో అక్కడికొచ్చి మూడు పాటలు రికార్డు చేసుకున్నారు. ప్యాటర్సన్ తండ్రి డేవిడ్ హుడ్ ఆ స్టూడియో వాద్యబృందంలో బేస్ గిటారు వాయించేవాడు. స్టేపుల్ సింగర్స్ ‘ఐల్ టేక్ యూ దేర్’లో వినిపించే బేస్ ఆయనదే. వాలెస్ గవర్నరుగా ఉన్న అలబామాలో, తెల్లవాళ్ళు నల్లజాతి గాయకుల వెనక కూర్చుని వాయించి ఇల్లు నడుపుకున్నారు. ఆ ఇంట్లో పెరిగినవాడు యాభై ఏళ్ళొచ్చాక కొత్తగా రాజకీయాల్లోకి దిగాడంటే ఎలా?

కాబట్టి మీరు వినే వరస ఇది. ముందు ‘డెకరేషన్ డే’, 2003ది. అప్పుడే చేరిన జేసన్ ఇస్బెల్ కుర్రతనంలో రాసిన ‘అవుట్‌ఫిట్’ అందులో ఉంది, తండ్రి కొడుక్కి చెప్పే జాగ్రత్తలు. మా నాన్న ఎయిర్‌పోర్టులో చెప్పినవాటికి పెద్దగా తేడా లేదు. తర్వాత ‘ద డర్టీ సౌత్’, ఆ తర్వాత ‘సదరన్ రాక్ ఒపెరా’ తీరిగ్గా. అప్పుడు ‘అమెరికన్ బ్యాండ్’కి రండి. వచ్చాక కూడా మొదటి రోజే ‘వాట్ ఇట్ మీన్స్’ మీద తీర్పు చెప్పేయకండి, నాలా నాలుగు నెలలు వృథా అవుతాయి.

2020లో వచ్చిన ‘ద అన్‌రావెలింగ్’లో రాజకీయం వంత ఇంకా గొంతు పెంచాడు, అది నాకు ఎక్కలేదు. 2022లో ‘వెల్‌కమ్ టు క్లబ్ థర్టీన్’తో మళ్ళీ తమ కుర్రనాటి కథల్లోకి వచ్చారు. అప్పటికే పెద్దాయన రిటైరై అలబామా వెళ్ళిపోయాడు. ఆల్బమ్ వచ్చిన సాయంత్రం ఆయన దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది, సగం బాగుంది అని. ఏ సగం అని అడిగాను. జవాబు లేదు, ట్రాక్టరు మీద ఉండి ఉంటాడు.